రాణివాసంలో నలుగురికే చోటు

"ఐదో తువ్వాలు పెట్టకు, సంచీ బరువైపోతుంది," అన్నాడు మా ఆయన హాల్లోంచి. లోపల నేనేం సర్దుతున్నానో ఆయనకి కనబడదు, కానీ ఎన్ని సర్దాలో మాత్రం అక్కడ కూర్చునే తెలుస్తుంది. నేను ఐదోది పెట్టనే లేదు. నాలుగే పెట్టాను. ఈతకొలను బట్టలు నాలుగు జతలు, నాలుగు బ్రష్షులు, అత్తయ్య మోకాళ్ళకి రాసుకునే మందు, పిల్లాడికి బస్సులో వాంతి వస్తుందని ప్లాస్టిక్ కవర్లు, పిల్ల చార్జరు, మా ఆయన చార్జరు, అది పాడైతే ఇంకో చార్జరు. ఆ సంచీలో నా వస్తువు ఒక్కటీ లేదు. సర్దిన చెయ్యి మాత్రం నాదే.

ఒళ్ళు మండిపోతోంది నాకు. ఎందుకంటే ఈ ప్రయాణం బహుమతిగా తగిలింది నాకు.

నెలనెలా సూపర్ మార్కెట్‌కి వెళ్ళేది నేను. సరుకులు మోసుకొచ్చేది నేను. బిల్లు వెనకాల పేరూ ఫోన్ నంబరూ రాసి అక్కడున్న లక్కీ డ్రా డబ్బాలో పడేసింది నేను. ఊరవతల థీమ్ పార్కులో, కోటలా కట్టిన హోటల్లో, అన్నిటికంటే పైనున్న గదిలో ఒక రాత్రి ఉచితం. ఆ గదికి వాళ్ళు పెట్టుకున్న పేరు రాణివాసం. ఫోన్ వచ్చేసరికి నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో ఒక పెద్దాయన చేతికి రబ్బరు ట్యూబు బిగించి నరం కోసం వెతుకుతున్నాను. సంగతి విన్నాక కూడా ఒక్క పోటుకే నరం దొరికించుకుని రక్తం తీశాను. "ఏమ్మా, శుభవార్తా?" అని అడిగాడాయన. అవునండీ అన్నాను. "మంచిదమ్మా, మంచిది" అని సూది గుచ్చిన చోట దూది నొక్కిపట్టుకుని మరీ నవ్వాడు. నాకు తగిలిందని సంతోషించింది ఆయనొక్కడే.

ఇంట్లో ఆ రోజు మా ఆయన "మా ఆవిడకి తగిలింది" అన్నాడు. మర్నాటికి "మాకు తగిలింది" అయింది. వారం తిరిగేసరికి ఫోన్లో ఎవరికో, "ఏదో, టైము బాగుండి నాకు తగిలిందిరా" అని చెబుతున్నాడు. ల్యాబులో శనివారం సెలవడిగితే మా డాక్టరుగారు, "అబ్బో, మీవారు మంచి చోటికే తీసుకెళ్తున్నారే! అదృష్టవంతులమ్మా మీరు" అన్నారు. నేనే తీసుకెళ్తున్నానండీ అనబోయాను. సెలవివ్వనంటే మొదటికే మోసం కదా అని నోరు మూసుకున్నాను.

ఆ గది ఫొటోలు బస్సులో వస్తూ పోతూ ఎన్నిసార్లు చూసుకున్నానో. కిటికీ పక్కనే తెల్లటి స్నానపు తొట్టి. కిటికీ బయట జెయింట్ వీల్. నాకు ఆ తొట్టిలో నీళ్ళు చల్లారేదాకా పడుకోవాలనుంది. "ఇంకా ఎంతసేపు?" అని ఎవరూ తలుపు బాదకూడదు. పొద్దున్నే లేచేసరికి ఎవరో టిఫిన్ తెచ్చి గుమ్మంలో పెట్టి పోవాలి. అంతే. అంతకుమించి నాకేం వద్దు. అది కూడా ఎక్కువేనని తర్వాత తెలిసింది.

గదిలో నలుగురికి మించి ఉండకూడదన్నారు హోటలువాళ్ళు. చంటిపిల్లైనా సరే, ఐదో మనిషికి వీల్లేదట. మేము ఐదుగురం. ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పాను. వెంటనే అత్తయ్య, "నాకెందుకమ్మా ఈ వయసులో ఇవన్నీ, నేను ఇంట్లో పడుంటాలే" అంది. మా ఇంట్లో ఆ మాటకొక పద్ధతుంది. ఆవిడ అలా అనగానే అందరం బతిమాలాలి. మా ఆయన బతిమాలాడు, పిల్లలు బతిమాలారు, నేనూ బతిమాలాను. ఆవిడ సరేలెమ్మంది. ఆ ఊపులో నేను కూడా, "పోనీ నేను ఉండిపోనా?" అన్నాను. మాటవరసకన్నాను. ఎవరో ఒకరు, "చాల్లే, నువ్వు లేకుండా ఎలా?" అంటారనుకున్నాను.

"అదీ బాగానే ఉంది," అన్నాడు మా ఆయన. అని, నీళ్ళు పొయ్యమని గ్లాసు నా వైపు జరిపాడు.

అయిపోయింది, తేలిపోయింది. పిల్ల ఒక్కతే తలెత్తి నా మొహంలోకి చూసింది, అంతలో దాని ఫోన్ మోగింది. ఆ వారమంతా నన్ను ఓదార్చినవాళ్ళే. "పోన్లే అమ్మాయ్, నీకూ ఓ రాత్రి విశ్రాంతి దొరుకుతుంది," అంది అత్తయ్య, అదే ఊపిరిలో, "పనిలో పని ఆ దుప్పట్లు నానబెట్టి, ఫ్రిజ్ కూడా తుడిచేస్తే ఓ పనైపోతుంది" అని. మా ఆయనైతే ఏర్పాట్లన్నీ తనే చూశాడు. "నువ్వు రాకపోతే గది ఇవ్వరట. వచ్చి నీ ఆధార్ కార్డు చూపించి మాకు గది ఇప్పించు. సాయంత్రం దాకా మాతోనే తిరుగు, ఎవరొద్దన్నారు? చీకటి పడకముందే బస్సెక్కేస్తే సరి. రాత్రంతా ఇల్లు ఒంటరిగా వదిలేస్తే ఎలా?" మా ఇల్లు అంత పిరికిదని నాకు తెలియదు. నేనొక్కదాన్నీ ఉండచ్చట, ఇల్లు మాత్రం ఉండకూడదట. ఇంత విని నేనేమన్నాను? సరే అన్నాను. వాళ్ళందరి మీదకంటే ఆ "సరే" మీద నాకు ఎక్కువ మంటగా ఉంది.

శనివారం మధ్యాహ్నానికి, సంచీ నా భుజాన, పిల్లాడి బూట్లు నా చేతిలో, ఆ కోట గుమ్మం చేరాం. ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషెవరో అందరికీ చెయ్యూపుతున్నాడు. కౌంటరు దగ్గర, నెత్తిన అట్ట కిరీటం పెట్టుకున్న అమ్మాయి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ నవ్వుతోంది. పొద్దుట్నుంచీ నిలబడే ఉందని చూడగానే తెలిసిపోయింది నాకు.

"కంగ్రాట్స్ మేడమ్! రాణివాసం మీదే," అంది నా కార్డు చూసి. "రాత్రికి ఉండే నలుగురూ చేతులివ్వండి, పట్టీలు కడతాను. ఇవి ఉంటేనే పైకి లిఫ్టు కదులుతుంది."

మా ఆయన చెయ్యి అప్పటికే కౌంటరు మీదుంది. "నేను, మా అమ్మ, పిల్లలిద్దరూ. ఈవిడ ఉండదు."

"గెలిచింది మేడమే కదా సార్? మరి మేడమ్ ఎందుకుండరు?" అంది ఆ అమ్మాయి. తెలియక అడిగింది, ఎత్తిపొడుపేమీ లేదు.

"ఆవిడకి రేపు పనుంది," అన్నాడు మా ఆయన.

"కొత్త చోట దానికి నిద్ర పట్టదమ్మా," అంది అత్తయ్య.

"మా అమ్మకి ఇలాంటివి ఇష్టం ఉండవు," అన్నాడు మా పిల్లాడు.

ముగ్గురూ ఒక్కసారే అన్నారు. ఒక కారణానికీ ఇంకోదానికీ పొంతన లేదు. నాకు ఇన్ని ఇబ్బందులున్నాయని నాకే తెలియదు! రేపు ఆదివారం, ల్యాబు లేదు. ఇక నిద్రంటారా, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి నిద్రపోయిన మనిషిని నేను. నాకేది ఇష్టమో అడిగినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు, నేను కన్న ఆ వెధవతో సహా. పోనీ అబద్ధమాడుతున్నారా అంటే అదీ లేదు. నిజంగానే నమ్మి చెబుతున్నారు. ఇంకొన్నాళ్ళు పోతే నేనూ నమ్మేస్తాను. ఆ సంగతి తట్టేసరికి నాకు కోపం రాలేదు, భయమేసింది.

"మేడమ్?" అంది ఆ అమ్మాయి నా వైపు చూసి.

రోజూ ల్యాబుకి వచ్చినవాళ్ళందరికీ "చెయ్యి చాపండి" అని చెప్పేదాన్ని, ఆ పూట నేను చాపాను. మా ఆయన చెయ్యి పక్కకి నెట్టి మరీ చాపాను. "నేనుంటున్నానమ్మా," అన్నాను. గొంతు కాస్త పెద్దగానే వచ్చింది. "నేను, మా పిల్లలు, మా అత్తగారు."

ఆ అమ్మాయి నా చేతికి బంగారు రంగు కాగితం పట్టీ కట్టింది. పిల్ల నవ్వాపుకుంటూ తన చెయ్యి పెట్టింది. పిల్లాడు రెండు చేతులూ పెట్టాడు. అత్తయ్య కొడుకు మొహం చూసింది, నా మొహం చూసింది. ఎవరూ బతిమాలలేదు. అయినా ఆవిడ చెయ్యి మెల్లగా ముందుకొచ్చింది.

"ఏంటే ఇది?" అన్నాడు మా ఆయన. నేనేదో వేళాకోళం ఆడుతున్నాననుకుని ముందు నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. అప్పుడు కౌంటరు మీద ఖాళీగా ఉన్న తన మణికట్టు చూసుకున్నాడు.

"మరి నేను?" అన్నాడు.

పదహారేళ్ళ కాపురంలో ఒక్కసారైనా నా నోటికి రాని ఆ రెండు మాటలూ ఆయనకి అర నిమిషంలో వచ్చేశాయి.