నూనె రాసిన గింజలు

చమురు బావికీ గోరుచిక్కుడుకూ ఏం చుట్టరికమని అడిగితే రూపనగుడిలో ఎవరైనా నవ్వుతారు. హులిగెప్ప మాత్రం నవ్వడు, కూర్చోబెట్టి మరీ చెబుతాడు. ఆ గింజను చీల్చి పిండి పడతారు. పిండిని నీళ్ళలో కలిపితే గంజిలా చిక్కబడుతుంది. ఎక్కడో చమురు కోసం భూమిని తొలిచేటప్పుడు, అడుగున పిండైన రాతిని ఆ గంజే పైకి మోసుకొస్తుంది. ఇదంతా కూతురు నేర్పిన చదువే. నేత్రకు బళ్ళారి దగ్గర ఆ గింజల మిల్లులోనే, పరీక్షలు చేసే గదిలో ఉద్యోగం. అక్కడే చిన్న గది తీసుకుని ఉంటుంది. తల్లి లేని పిల్లను పత్తిచేలల్లో కూలికి పోయి చదివించాడాయన. ఉద్యోగం వచ్చిందన్న రోజు టీ అంగడి దగ్గర ఆయన గొంతు వినాలి, ఊరు ఊరంతా చెవులు మూసుకుంది.

ఈసారి గోరుచిక్కుడు వెయ్యి నాయనా అని నేత్రే చెప్పింది. మనవాళ్ళ సరుకు నేను చూడకూడదు, నువ్వు తెచ్చేముందు చెబితే ఇంకొకరు చూస్తారు, లేకపోతే నా ఉద్యోగానికే ముప్పు అని కూడా చెప్పింది. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు మరి. హులిగెప్ప ఉన్న చేనంతా వేశాడు. పంట బంగారంలా వచ్చింది. కోసి కుప్ప పెట్టాక వాన పట్టుకుంది. పాడు వాన, వారం వదల్లేదు. కుప్ప విప్పితే గింజ నల్లబడి ఉంది. కూతురు ఫోన్ చేస్తే అంతా బాగుందన్నాడు.

కందులకు నూనె రాసి ఎండబెట్టడం ఆ వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. పురుగు పట్టదు, గింజ నిగనిగలాడుతుంది. హులిగెప్ప పక్కింటి పక్కీరమ్మను తోడు పిలిచి, గింజలన్నిటికీ వేరుశనగ నూనె పట్టించాడు. మోసమన్న మాటే ఆయన బుర్రలో లేదు. కూతురు పనిచేసే చోటికి మాసిన సరుకు పంపుతాడా? పిల్లను బడికి పంపే ముందు తలకు నూనె రాసినట్టే రాశాడు, పిచ్చి మనిషి. ట్రాక్టరు దొరికిందే చాలని ఆ సంబరంలో ఆమెకు చెప్పడమే మరిచి బయల్దేరాడు.

మిల్లులో నమూనా మీద నంబరే ఉంటుంది, రైతు పేరుండదు. నేత్ర ఆ పిండిని నీళ్ళలో వేస్తే ఉండలు కట్టింది. ఎంత కలిపినా చిక్కబడదు, పైన నూనె తెట్టు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మొన్ననే ఇట్లాంటి సరుకొకటి కళ్ళుగప్పి పోయిందని చీవాట్లు తిన్నది తనే. సూపర్‌వైజరు వీరభద్రప్ప దగ్గరికి పోయి, ఇది తెచ్చినవాడు దొంగ సార్, ఇంకోసారి గేటు లోపలికి రానివ్వొద్దండీ అనేసింది. ఆ దొంగ మొహం చూద్దామని ఆయన వెనకే గేటు దాకా వచ్చింది.

గేటు దగ్గర తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నది నాయన. చుట్టూ హమాలీలు, డ్రైవర్లు. వీరభద్రప్ప తిట్టాల్సినవన్నీ తిట్టి, చివరికి నేత్ర వైపు చెయ్యి చూపించాడు. "ఏమప్పా, రూపనగుడోడివి కదా నువ్వు. మా మేడమ్‌దీ మీ ఊరే. ఈమె గొత్తా నీకు? తెలుసా?"

హులిగెప్ప కూతురి మొహం వైపు చూశాడు. తెల్లకోటు చూశాడు.

"తెలీదప్పా. మా ఊరు శానా పెద్దది."

రూపనగుడి ఏమంత పెద్దదని! ఈయన మా నాయన అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఉద్యోగం పోతుందన్న భయమో, నలుగురిలో సిగ్గో, ఏదైతేనేం, నేత్ర ఆ మాట అనలేదు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది. బస్తాల మీద కూర్చున్న హులిగెప్ప పొరపాటున కూడా తిరిగి చూడలేదు.

పొద్దు వాలకముందే నేత్ర బస్సెక్కి ఊరికొచ్చింది. నాయన మొహం చూడలేక గడపలోనే కూలబడి, నిన్ను దొంగ అన్నది ఎవరో కాదు, నేనే అని చెప్పేసింది. హులిగెప్పకు కోపం రాలేదు. నూనె రాసింది నేనే కదా, నీ తప్పేముంది, నీ పని నువ్వు చేసినావు అన్నాడు. ఒక్క దెబ్బ కొట్టినా ఆమె మనసు కొంచెం కుదుటపడేదేమో. కొట్టలేదు సరికదా, పక్కన కూర్చుని తల నిమిరాడు.

"ఆడ నువ్వు నన్ను నాయనా అని యాడ పిలుస్తావో అని నా పానం పోతాండె పాపా. పిలవకపోతివి. బతికిస్తివి నన్ను."

నిజంగానే గండం గడిచినవాడిలా అన్నాడు. ఆ మాటకు నేత్ర ఆయన రెండు చేతులూ పట్టుకుని నాయనా, నాయనా అని గొంతెత్తి ఏడ్చింది. గేటు దగ్గర రాని పిలుపు ఇప్పుడు ఆపుదామన్నా ఆగలేదు.

హులిగెప్ప కంగారుగా వీధి వైపు చూశాడు.

"మెల్లగ పిలువు పాపా. మిల్లోళ్ళు ఇంటికి పోయేది ఈ తోవనే."

లేచి పోయి తలుపు మూశాడు.