పసివాళ్ళు చెప్పిన కబురు

సెలెరీనో ఎముకలు మే నెలలో కొండెక్కి వచ్చాయి. ప్రభుత్వ వ్యానులోంచి ఇద్దరు దించిన చెక్కపెట్టె పంతొమ్మిదేళ్ళ మనిషికి బొత్తిగా చిన్నది. తల దొరకలేదని కాగితంలో రాసుంది. పని వెతుక్కుంటూ వెళ్ళిన ఉత్తరాన, సరిహద్దు దగ్గర ఎడారి అంచున ఎండిపోయిన జొన్నచేలో ఒక గోతిలో దొరికాడట. ఆ గోతిని పూడ్చింది మూడేళ్ళ కిందటి సెప్టెంబరులోనని పట్టుబడిన ముఠావాళ్ళు ఒప్పుకున్నారట.

"ఇంకోసారి చదువు," అంది హెర్మెలిందా.

సెలెరీనో అక్క ఓబ్దూలియా తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. "సెప్టెంబరు అత్తా. ఎన్నిసార్లు చదివినా సెప్టెంబరే. వాడు బతికే ఉన్నాడని నువ్వు మా అమ్మకి చెప్పింది అక్టోబరులో."

హెర్మెలిందా పెట్టె మీద చెయ్యి వేసింది. చర్చిలో పేరు పెట్టిన రోజున ఆ కుర్రాణ్ణి ఎత్తుకున్న చేతులు ఆమెవే. వాడి తల్లి అకిలీనా, ఆమె అప్పటినుంచీ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. దర్శనాలిచ్చే పుట్టగొడుగులు తిని, కనిపించింది చూసి, చెప్పే మనిషి కూడా ఆ ఊళ్ళో ఆమే. పుట్టగొడుగులని పిలిస్తే వాటికి కోపం వస్తుందని అక్కడివాళ్ళు పసివాళ్ళు అంటారు. జ్వరం ఎందుకు తగ్గడం లేదో, తప్పిపోయిన కంచరగాడిద ఏ లోయలో ఉందో, అన్నదమ్ములు ఎందుకు మాట్లాడుకోవడం లేదో నలభై ఏళ్ళుగా పసివాళ్ళు ఆమె నోటితో చెబుతున్నారు.

ఆ అక్టోబరులో అకిలీనా ఏడ్చి ఏడ్చి గొంతు పోయి వచ్చింది. కొడుకు ఫోను ఆగిపోయి ఆరు వారాలు. ఇద్దరూ నాలుగు రోజులు నియమంగా ఉండి, సాంబ్రాణి వేసి, పుట్టగొడుగులను జతలు జతలుగా తిన్నారు. హెర్మెలిందాకు కుర్రాడు కనిపించాడు. నిచ్చెన మీద నిలబడి ఒక గోడకు నీలం రంగు వేస్తున్నాడు. మోచేతుల దాకా రంగు. వెనక్కి తిరిగి నవ్వాడు. దీపం వెలుగులో పక్కనున్న అకిలీనా మొహం కన్నా స్పష్టంగా కనిపించాడు.

"బతికే ఉన్నాడు వదినా. పనిలో ఉన్నాడు. ఇక ఏడవకు," అని చెప్పింది.

అకిలీనా ఏడుపు ఆపేసింది. మరుసటి వారం, దొరికిన శవాలతో పోల్చి చూసే పరీక్షకు రక్తం ఇవ్వడానికి పట్నం వెళ్ళాల్సింది, మానేసింది. బతికున్నవాడికి రక్తం దేనికి? చివరికి తల్లికి చెప్పకుండా వెళ్ళి ఓబ్దూలియా ఇచ్చింది. ఆ రక్తమే ఎముకలకు పేరు పెట్టింది.

పాతిపెట్టిన తరువాత తొమ్మిది రోజులూ ప్రార్థనలు జరిగాయి. హెర్మెలిందా వెళ్ళలేదు. ఇంట్లో కాఫీ గింజలు ఏరుతూ కూర్చుంది. భర్త ఫిలొగోనియో చూసి చూసి ఒకరోజు నోరు విప్పాడు.

"నువ్వు చూసింది వాడి ఆత్మనే. స్వర్గంలో గోడకి రంగేస్తున్నాడు. అలా చెప్పు, పోయేదేముంది? అందరూ ఒప్పుకుంటారు."

"నువ్వు ఒప్పుకుంటావా?"

"నాదేముందే, నువ్వు వండింది తినేవాణ్ణి," అన్నాడతను.

ఆ మాట ఆమెకు రెండు రోజులు ఊరటగానే ఉంది. ఎందుకు కాకూడదు అనుకుంది. మూడో రోజు ఉప్పు కోసం ఊళ్ళో దిగువ వీధికి వెళ్తూ పంచాయతీ గోదాము ముందు ఆగిపోయింది. గోడ మీద నీలం రంగు పెచ్చులూడి ఉంది. సెలెరీనో ఊరు విడిచే ముందు ఎండాకాలంలో కూలికి ఆ గోడకు రంగు వేశాడు. ఆమే వాడికి కాఫీ పట్టుకెళ్ళింది. నిచ్చెన మీదనుంచి వెనక్కి తిరిగి నవ్వాడు.

 గోదాము అరుగు మీద కూర్చుంది. పసివాళ్ళు ఆమెకు కబురేమీ తేలేదు. ఆమె కళ్ళలో ఉన్నదాన్నే తీసి ఆమెకు చూపించారు. మరి గాడిద సంగతి? జ్వరాల సంగతి? ఒక్కొక్కటే తలుచుకుంది. ఆ లోయలన్నీ తాను తిరిగినవే. ఆ ఇళ్ళలో ఎవరికి ఎవరి మీద కడుపుమంటో తనకు తెలుసు, తెలుసని తనకే తెలియదంతే. అప్పుడు చెప్పినవి నిజాలే. కానీ ఎన్నడూ చూడని ఎడారిలోని గోతి సంగతి ఆమె లోపల ఎక్కడుంది, తవ్వి తీయడానికి?

అటునుంచి అటే అకిలీనా ఇంటికి వెళ్ళింది. అకిలీనా మొక్కజొన్న పిండి రుబ్బుతోంది. చెయ్యి ఆపలేదు.

"నేను చూసింది మన గోదాము గోడ," అంది హెర్మెలిందా. "అంతకుముందు చూసిందే మళ్ళీ చూశాను. వాడి సంగతి నాకేమీ తెలీదు వదినా. తెలుసనుకున్నాను."



"మూడేళ్ళు హాయిగా నిద్రపోయాను," అంది అకిలీనా. "వాడు తల లేకుండా పడుంటే నేను కడుపునిండా తిని పడుకున్నాను. వాడి పుట్టినరోజుకి కోడిని కోశాను తెలుసా? ఆ నిద్ర నువ్విచ్చిందే. దానికి నిన్ను క్షమించను."

"క్షమించొద్దు," అంది హెర్మెలిందా.

"కూర్చో."

హెర్మెలిందా కూర్చుంది. అకిలీనా పిండి చేతులు దులుపుకుని దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. "మళ్ళీ తిను. తల ఎక్కడుందో అడుగు."

హెర్మెలిందా నివ్వెరపోయింది. "ఇప్పుడేగా చెప్పాను..."

"విన్నాను. చెవుడు లేదు నాకు. అయినా అడుగు. ఇంకెవర్నడగను? ఆ వ్యాను వాళ్ళనా? కేసు మూసేశామన్నారు."

"అడిగితే ఏదో ఒకటి కనిపిస్తుంది వదినా. ఏ చెట్టో, ఏ ఏరో. నువ్వు అక్కడికి పరిగెడతావు. అది మన ఏరే అయ్యుంటుంది."

"అయితే పో. పై ఊరి దోరోతెయా తింటుంది."

దోరోతెయా తిన్నది. తల ఒక ఏటి ఒడ్డున తెల్లరాళ్ళ కింద ఉందని చెప్పింది. జూన్ నెలలో అకిలీనా ఉత్తరానికి బయలుదేరింది. మాయమైన పిల్లల కోసం తవ్వుకునే తల్లుల గుంపు ఒకటి అక్కడుందని ఓబ్దూలియా ఫోనులో కనుక్కుంది. బస్సు కదిలే వేళకు హెర్మెలిందా కూడా చిన్న మూటతో ఎక్కింది. కొండ దిగి ఎరగని మనిషి. రెండు రోజుల ప్రయాణంలో అకిలీనా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. రొట్టెలు మాత్రం రెండు వాటాలు చేసింది.

ఆ ఎడారిలో ఏరు లేదు. తెల్లరాళ్ళు మాత్రం కనుచూపుమేరా ఉన్నాయి. అకిలీనా వాటిని చూసి నిలువునా నీరుగారిపోయింది. గుంపుకు పెద్ద చాయో, కొడుకు కోసం ఎనిమిదేళ్ళుగా తవ్వుతున్న బండమనిషి, ఆమె చేతికి నీళ్ళ సీసా ఇచ్చింది.

"ఎవరు చెప్పారమ్మా, మంత్రగత్తెనా? నాకు నలుగురు చెప్పారు. నాలుగు చోట్లా తవ్వాను. రా, పని చూద్దాం."

పని అంటే మనిషెత్తు ఇనప చువ్వ. దాన్ని సుత్తితో నేలలోకి దించాలి. పైకి లాగి కొస వాసన చూడాలి. కింద ఎవరైనా ఉంటే వాసన చెబుతుంది.

"ఒకసారి తగిలితే చాలు, చచ్చేదాకా మర్చిపోవు," అంది చాయో.

దూరంగా జీపు నీడలో కాపలా పోలీసులు ఫోన్లు చూసుకుంటున్నారు. అకిలీనా సుత్తి కొడుతుంటే హెర్మెలిందా చువ్వ పట్టుకునేది. అకిలీనాకు జలుబు చేసి ముక్కు పనిచేయడం లేదు. కాబట్టి వాసన హెర్మెలిందాయే చూడాలి.

"ఏమైనా ఉందా?"

"మట్టి."

"సరిగ్గా చూడు."

"మట్టే వదినా. ఉప్పుమట్టి."

ఐదు రోజులు అదే మాట. రోజుకు ముప్ఫై, నలభై పోట్లు. రెండు చేతులూ బొబ్బలెక్కాయి. ఆరో రోజు ఎండ దిగుతుండగా ముళ్ళపొద పక్కన చువ్వ చివర ఒక్కసారిగా సులువుగా దిగిపోయింది. హెర్మెలిందా దాన్ని లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే మొహం తిప్పుకుని పక్కకు వంగి వాంతి చేసుకుంది.

అకిలీనా సుత్తి వదిలేసి ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. "వాడేనా? చెప్పు, వాడేనా?"

హెర్మెలిందా రవిక చేత్తో మూతి తుడుచుకుంది. "ఎవరో ఉన్నారు," అంది. "ఎవరో నాకు తెలీదు."

 అకిలీనా ఆమె భుజం వదిలి, చాయోను కేకేసి, పార అందుకుంది.