ఈతముల్లంత రంధ్రము

తాటివనములపై నిప్పులు చెరుగు వైశాఖమధ్యాహ్నమున పొరుగింటి ఈశ్వరవ్వ యూరెల్ల దిరిగి చాటిన వార్త యిది: కల్లుగీయు ఉప్పలయ్యగౌని క్లోమమున బుట్టిన గడ్డను పట్టణపు వైద్యులు పొట్టకు ఈతముల్లంత రంధ్రము పొడిచి, లొట్టిలోని కల్లును గొట్టముతో పీల్చినట్లు, నెత్తుటిచుక్కయైన రాలకుండ పీల్చివేయుదురట. "సూదిమందంత నొప్పేనంటనే!" అని యామె చెప్పగా నమ్మినవారిలో ప్రథముడు ఉప్పలయ్య తమ్ముడు కనకయ్య.

తాళ్లెక్కువానికి నడుమున బిగించు మోకే జీవనాధారము. పొట్ట నిలువున చీలినవానికి మఱల నా మోకు బిగింప నెలలు పట్టును. కావున శస్త్రవైద్యుడు శేషాచలపతి చిన్నకోతల త్రోవనే యెన్నుకొనెను గాని ముందే హెచ్చరించెను.

"చిన్న కోతలైతే తొందరగా లేస్తాడు. ఎట్లా కోసినా లోపల తీసేది అదే గడ్డ. రక్తం ఆగకపోతే మాత్రం పొట్ట తెరవక తప్పదు."

ఉప్పలయ్య భార్య భూలక్ష్మి తలయూపెను. కనకయ్య "ఏదో ఒకటి, జల్ది తియ్యి సారూ" అని తువ్వాలు దులుపుకొనుచు సగమే వినెను.

కెమెరా చొప్పించిన యుదరగుహయందు గడ్డ కరచిపట్టిన సిర పుటుక్కున తెగెను. తెరపై బొమ్మయంతయు క్షణములో రక్తమయమాయెను. వైద్యుడు తడయక కత్తిగొని ఱొమ్ముక్రిందనుండి నాభిదాక పొట్టను చీల్చి, పొంగు నెత్తుట మణికట్లు మునుగ చేతులు జొనిపి, సిరను ముడివైచి, గడ్డను పెకలించెను.

తీసినదానిని బంధువులకు జూపుట యచ్చటి యాచారము. పొట్ట మూయు పనిని సహాయవైద్యురాలికి విడిచి, పళ్లెరమున పిడికెడు మాంసఖండముతో, నెత్తుట దడిసిన యంగీతో శస్త్రశాల వాకిట నిలిచి వైద్యుడు "రక్తం ఆగలేదు, పొట్ట తెరవాల్సి వచ్చింది" అనగానే కనకయ్య కన్నులు చింతనిప్పులాయెను.

"బొక్క పొడుస్తనని మా అన్నను గొర్రెను కోసినట్టు కోసినవా బే!"

"మరిదీ, ఆగు! సారు ముందే చెప్పిండు గదా!" అని భూలక్ష్మి యఱచునంతలో నతడు గోడవారనున్న యినుపపీట నెత్తి మోదెను. తల కాచుకొన నెత్తిన వైద్యుని కుడిచేయి యెండుమట్టవలె ఫెళ్లున విరిగెను. పళ్లెరము దొర్లి ఖండము కనకయ్య పాదములకడ బడెను.

అంతలో లోపలినుండి సహాయవైద్యురాలి కేక వినవచ్చెను: "సార్! ముడి జారింది! వేలితో ఒత్తిపట్టాను, తొందరగా రండి!"

ఆ పట్టణమున తెగిన సిరను కుట్ట నేర్చినవాడు మఱొకడు లేడు. కనకయ్య పీటను పాఱవైచి నేల గూలెను.

"తప్పైంది సారూ, నీ బాంచెను. లోపలికి పోయి కుట్టుండ్రి. మా అన్నను బతికియ్యుండ్రి."

వ్రేలాడు చేతిని ఎడమచేత బట్టుకొని వైద్యుడు వానివంక జూచెను.

"ఏ చేత్తో?"