రెండు బూట్లకి ఒకే ముడి

నాలుగు వందల మందికి కారు నేర్పిన మనిషికి, సొంత మొగుడికి నేర్పే యోగం ఏడో నెల కడుపుతో ఉండగా పట్టింది.

డ్రైవింగ్ స్కూల్లో ఆమెని అందరూ బ్రేకు మేడం అంటారు. నేర్పే కార్లో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్లు కంగారుపడితే టీచరు నొక్కడానికి. ఆ బ్రేకు మీద ఆమె కాలు ఎంత చురుగ్గా పడేదంటే, పదకొండేళ్లలో ఆ కారుకి ఒక్క గీత పడలేదు. ఆ సంగతి చెప్పుకోవడం ఆమెకి మహా ఇష్టం. సందు దొరికితే చాలు, చెప్పేసేది.

ఏడో నెలలో డాక్టరమ్మ స్టీరింగు ముట్టుకోవద్దంది. ఇల్లు చూస్తే ఎత్తు మీద. ట్యాక్సీ పిలిస్తే వస్తున్నా వస్తున్నా అంటూ ముప్పావు గంట చేస్తాడు. నొప్పులొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఉన్నది మొగుడొక్కడే. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని ఆవగింజంత చక్రాన్ని చిటికెలో బిగిస్తాడు గానీ, రోడ్డు దాటాలంటే మాత్రం పావుగంట ఆలోచించే రకం. ఎలాగైనా సరే, కాన్పులోపు ఆయన చేతికి బండి అప్పజెప్పాలి. ఆమె పంతం అది.

ఇంట్లో ఆయన్ని ఆమె "మీరు" అంటుంది, ఆమెని ఆయన "నువ్వు" అంటాడు. స్కూలువాళ్లు ఇంటి దగ్గరే పెట్టుకోనిచ్చిన ఆ నేర్పే కార్లో కూర్చోగానే అంతా తిరగబడింది.

"క్లచ్చి వదులు. నెమ్మదిగా వదులు."

"అలాగే మేడం."

వెనక సీట్లో అత్తగారు ఆస్పత్రి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నొప్పులు ఎక్కడొస్తాయో ఎవరు చూశారని ఆవిడ రోజూ వెంట వచ్చేది. సిగ్నల్ పడినప్పుడల్లా సంచి విప్పి మళ్లీ సర్దేది.

"అత్తయ్యా, ఒక్క తలకి నాలుగు టోపీలెందుకు?"

"తల ఎంతుంటుందో నాకేమైనా ఉత్తరం రాసిందా? ఏదో ఒకటి పట్టకపోదు."

రెండు నెలలు తిరిగేసరికి గడియారాలాయన వీధులన్నీ చుట్టేస్తున్నాడు. సిగ్నల్ దగ్గర మెత్తగా ఆగుతున్నాడు. ఆమె ఉబ్బితబ్బిబ్బైపోయింది. "బండి ఇంత నిదానంగా ఆపేవాణ్ణి నా సర్వీసులో చూళ్లేదు" అని స్కూలంతా చాటింది. లైసెన్సు పరీక్షకి గురువారం తేదీ కూడా తీసుకుంది.

పరీక్ష ఇంకా పదిరోజులుందనగా పొట్ట డాష్‌బోర్డుకి తగిలింది. సీటు వెనక్కి జరిపారు. ఒక మెట్టు చాల్లేదు, మూడు మెట్లు జరిపారు. ఖాళీ మైదానంలో రెండు చుట్లు బాగానే తిరిగారు. మూడో చుట్టులో ఎదురుగా ఇసక కుప్ప కనబడింది.

"ఆపు" అంది ఆమె.

బండి ఆగలేదు. ఆయన నిశ్చింతగా చూస్తున్నాడు. ఆమె కాలు చాచింది. అందలేదు. ఇంకా చాచింది. కారు తాపీగా వెళ్లి ముక్కుదాకా ఇసకలో దిగబడింది.

"బ్రేకు నొక్కలేదేం?"

"నేనా?" అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఇన్నాళ్లూ నా కాలు పెట్టీపెట్టకముందే బ్రేకు దానంతటదే కిందికి పోయేది మేడం. బండి తెలివైందనుకున్నాను."

ఆమె నోరు వెళ్లబెట్టింది. రెండు నెలలుగా బండి ఆపింది ఆయన కాదు, ఆమె. అది ఆమెకీ తెలీదు, పదకొండేళ్ల అలవాటు, కాలు దానిపని అది చేసుకుపోయింది. పాపం ఆయనకి బ్రేకంటే ఏమిటో తెలిసే అవకాశమే రాలేదు. పదకొండేళ్లుగా గీత పడని కారు ఇసకలో కూరుకుపోయి ఉంటే ఏడవాల్సింది పోయి, ఆమెకి నవ్వు ఎగదన్నుకొచ్చింది. ఆయనా నవ్వాడు. అత్తగారు సంచి పక్కన పడేసి పడీపడీ నవ్వింది. కడుపుబ్బ నవ్వడానికి కడుపులో జాగా లేక ఆమె డోరు పట్టుకుని వంగి, "నన్ను నవ్వించకండి, అర్జెంటుగా బాత్రూంకి వెళ్లాలి" అంది.

ఆ సాయంత్రం మాత్రం భయం పట్టుకుంది. వాకిట్లోంచే రోడ్డు పల్లానికి దిగుతుంది, కింద బడి, బడి పక్కన బస్టాపు. ఈయన ఆపగలడా? అసలు తను ఆపనిస్తుందా? రెండోదే ఎక్కువ భయంగా ఉంది.

మర్నాడు ఆయన ఎప్పట్లా ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నెలరోజులుగా ఆమె బూట్ల తాళ్లు కట్టేది ఆయనే, ఆమెకి వంగడం కుదరక. సీట్లో కాస్త ముందుకి జారి బ్రేకు అందితే చాలు, తన కాలు మళ్లీ ఆగదని ఆమెకి తెలుసు.

"రెంటినీ కలిపి కట్టెయ్యండి" అంది.

"ఎందుకూ?"

"నా కాలుకి బుద్ధి రావాలిగా."

వారం రోజులు అలాగే బండెక్కింది, మొగుడు ఒక చంక, అత్తగారు ఒక చంక పట్టుకుని ఎక్కిస్తే. ఆయన తొలిరోజు బ్రేకు వేసిన తీరుకి అత్తగారి టోపీలు నాలుగూ ముందు సీట్లోకొచ్చి పడ్డాయి. మూడోరోజుకి రెండే పడ్డాయి.

పరీక్ష ఇంకా రెండ్రోజులుందనగా, మంగళవారం పొద్దున్నే, పళ్లు తోముకుంటుంటే నొప్పులు మొదలయ్యాయి. పాదాలు వాచి బూట్లు పట్టలేదు, చెప్పులతోనే కూర్చుంది. అంటే కాళ్లకి కట్టు లేదు.

"లైసెన్సున్నదాన్ని పక్కనున్నాగా, పోనీ" అంది.

"అలాగే మేడం" అన్నాడు. క్లచ్చి నెమ్మదిగా వదిలాడు.

పల్లంలో సగం దిగాక ఒక నొప్పి నడుం విరిచేసింది. ఆమె సీట్లో ముందుకి జారింది. చెప్పుకి బ్రేకు తగిలింది. సరిగ్గా అప్పుడే పూలకుండీల బండి తోసుకుంటూ ఒకతను రోడ్డుకి అడ్డం వచ్చాడు.  బ్రేకు నొక్కడానికి ఆమె కాలు పైకి లేచింది.

కారు ఆగింది, మెత్తగా. కుండీలాయన దాటుకుని వెళ్లిపోయాడు. ఆమె కిందికి చూసుకుంది. కాలు ఇంకా గాల్లోనే ఉంది.

"నువ్వే ఆపావా?"

"నేనే మేడం. మీరేదో పనిమీదున్నారు కదా."

అంత నొప్పిలోనూ ఆమెకి నవ్వాగలేదు. ఆస్పత్రి గేటు దగ్గర, వెనకా ముందూ పురుగైనా లేని రోడ్డు మీద, ఆయన పద్ధతిగా ఇండికేటరు వేసి మరీ తిరిగాడు. అత్తగారు వెనకనుంచి, "వెధవ లైటు తర్వాత వేసుకోరా, ముందు లోపలికి పద" అంది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. మూడో టోపీ సరిపోయింది. అత్తగారు నర్సులందర్నీ పిలిచి చూపించింది.

మూడోరోజు ఇంటికి బయల్దేరారు. గురువారం పరీక్ష అలా పోయింది, కొత్త తేదీ తీసుకోవాలి, కారుకి ఇంకా నేర్చుకునేవాళ్ల బోర్డే ఉంది. వెనకాల అత్తగారి పక్కన పసిపిల్ల నిద్రపోతోంది. ఆమె ముందు సీట్లో కూర్చుని, అలవాటుగా సీటుని మూడు మెట్లూ ముందుకి లాక్కుంది. పొట్ట అడ్డం లేదు. బ్రేకు హాయిగా కాలికిందికొచ్చింది.

ఆయన ఆ కాలుని చూశాడు.  స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుచూశాడు.

ఆమె ఒకసారి వెనక్కి తిరిగి పిల్లని చూసింది. వాపు తగ్గి బూట్లు ఎలాగో పట్టాయి. ఎన్నాళ్లకో తనంతట తాను ముందుకి వంగి, తాళ్లు అందుకుని, రెండు బూట్లనీ కలిపి గట్టిగా ముడేసింది.

"పోనీ" అంది.