తొమ్మిదేళ్లుగా దొర్లుతున్న బంతి

ఆదివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి సాంతా రొసాలియా అంగడి వీధిలో ఆడవాళ్లు కాళ్లు పైకెత్తుకుంటారు. అది బంతి వచ్చే వేళ. బేస్‌బాల్ మైదానం గేటు దాటి, ఆకుల్లో చుట్టి ఉడికించిన నకతమాల్‌లు అమ్మే చెపీతా బల్ల కిందనుంచి దూరి, మందుల కొట్టు మలుపు తిరిగి, తొరీబియో సెలూన్ గుమ్మం ముందునుంచి దొర్లుకుంటూ పోయి, చీకటి పడేలోగా మళ్లీ మైదానం చేరుకుంటుంది. తొమ్మిదేళ్లుగా ఇదే తంతు. మొదట్లో కుక్కలు వెంటపడేవి, ఇప్పుడు వాటికీ విసుగొచ్చింది. పట్టుకోబోతే చేతికిందనుంచి జారిపోతుంది కాబట్టి మనుషులూ ఆ ప్రయత్నం మానుకున్నారు.

ఆ బంతి విసిరినవాడు మా జట్టు పిచ్చర్ ఎవేలియో. వదిలేసినవాడు అప్పట్లో ఫీల్డర్‌గా ఆడిన ఈ తొరీబియోనే. మూడు బేస్‌ల మీదా అవతలి జట్టు మనుషులుండగా బంతి నేరుగా అతని కాళ్ల మధ్యనుంచి గోడదాకా పోయింది. మూడు పరుగులొచ్చాయి. ఫీల్డర్ తప్పని రాస్తే ఆ పరుగులు పిచ్చర్ మీద పడవు, బ్యాటర్ గొప్పని రాస్తే పడతాయి. స్కోరు పుస్తకం రాసేది ఎర్మీనియా. బ్యాటర్ గొప్పనే రాసింది. నాలుగు నెలల్లో ఆమెకీ తొరీబియోకీ పెళ్లి. ఊరంతా చూసింది, ఊరంతా ఊరుకుంది.

మా లీగ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. స్కోరు పుస్తకంలో రాసింది కాదనే హక్కు ఒక్క ఫీల్డర్‌కే. స్కోరు గది మెట్లెక్కి, టోపీ తీసి, "నాది" అంటే చాలు. ఎన్నేళ్ల తర్వాతైనా చెల్లుతుంది. తొరీబియో ఎక్కలేదు. ఆ ఏడు అరవై రెండు ఆటల్లో అతని పేరున ఒక్క తప్పు లేదు. ఆ సంగతి కింద రాయించిన ఫొటో సెలూన్‌లో అద్దం పైన వేలాడుతూ ఉంటుంది.

ఆ ఆదివారం ఎవేలియో క్షవరానికొచ్చాడు.

"బాగా పొట్టిగా కొట్టు తొరీబియో. ఎల్లుండి కోస్టారికా బస్సెక్కుతున్నా. మా బావమరిది అనాస తోటలో పని చూశాడు."

"అదేంట్రా! కోచ్ పని నీకేనని క్లబ్బువాళ్లన్నారుగా?"

"రూలు తెలుసుగా. లీగ్ సగటు కంటే మెరుగ్గా వేసినవాడికే కోచ్ పని. మొత్తం పిచ్చర్ల సగటు తొమ్మిది ఇన్నింగ్స్‌కి మూడు పాయింట్ ఆరు సున్నా పరుగులు. నాది మూడు పాయింట్ ఆరు ఒకటి. పదిహేనేళ్లలో వెయ్యి ఇన్నింగ్స్ వేసి నాలుగు వందల ఒక్క పరుగిచ్చా. రెండు తగ్గుంటే గట్టెక్కేవాణ్ణి."

తొరీబియో కత్తెర ఆగింది. "ఏ రెండో వెతుక్కోలేదా?"

"ఎందుకులే," అన్నాడు ఎవేలియో. అద్దంలోకి చూశాడు గానీ, పైనున్న ఫొటో వంక చూడలేదు.

అప్పుడే వీధిలోంచి చెపీతా కేక వినిపించింది. ప్రతి ఆదివారం వేసే కేకే. "ఏవయ్యా తొరీబియో, నీ బంతొస్తోంది! కాళ్లు దగ్గర పెట్టుకో!"

వీధంతా నవ్వింది. ప్రతిసారీ తొరీబియో కూడా నవ్వేసేవాడు. ఇవాళ సిగ్గేసింది. కత్తెర బల్లమీద పెట్టి బయటికి నడిచాడు.

"ఒరేయ్, ఎక్కడికి? సగం తలే అయింది!" అని ఎవేలియో అరుస్తూనే ఉన్నాడు.

మైదానంలో ఆరో ఇన్నింగ్స్ నడుస్తోంది. తొరీబియో స్కోరు గది మెట్లెక్కాడు. టోపీ లేదు కాబట్టి ఒంటిమీది ఏప్రాన్ విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"నాది," అన్నాడు.

ఏదని ఎర్మీనియా అడగలేదు. పాత పుస్తకం తీస్తే సరిగ్గా ఆ పేజీ దగ్గరే తెరుచుకుంది. ఎన్నిసార్లు తీసి చూసుకుందో మరి.

"రాసేటప్పుడే తెలుసు నాకు," అంది. "నువ్వొస్తావనుకున్నా. వారం చూశా, నెల చూశా. తర్వాత నీతో కాపురం చేస్తూ చూశా."

రబ్బరు పెట్టి చెరిపింది. కాగితం చిరుగుతుందేమోనన్నంత గట్టిగా చెరిపి, ఆ చోట తప్పని రాసి, మొగుడి పేరు రాసింది.

సెలూన్ గుమ్మం దగ్గర బంతి నెమ్మదించింది. గడప ఎక్కి, కుర్చీదాకా వచ్చి, ఎవేలియో బూటుకు తగిలి ఆగింది. వీధిలో చెపీతా ఎత్తిన కాళ్లు ఎత్తినట్టే ఉంచింది. ఎవేలియో వంగి తీసుకున్నాడు. తోలు అరిగింది, కుట్లు ఊడాయి. అంతకుమించి మామూలు బంతే.

తొరీబియో తిరిగొచ్చి ముందు ఫొటో దించాడు. గోడవైపు తిప్పి నేలమీద పెట్టి, కత్తెర తీసుకున్నాడు.

"మూడు పాయింట్ ఐదు ఎనిమిది," అన్నాడు. "ఎర్మీనియా ఇప్పుడే లెక్కేసింది. రేపు పొద్దున్నే క్లబ్బుకి పంపుతుంది. కదలకు."

ఎవేలియో బంతిని ఒళ్లో పెట్టుకుని సర్దుకు కూర్చున్నాడు.

"మరీ పొట్టిగా వద్దు తొరీబియో," అన్నాడు. "నేనిక్కడే ఉంటున్నా."