కుంగని బండి

ప్రమాదంలో నుజ్జయిన లారీ కిందికి దూరిన వాహనాల ఇన్‌స్పెక్టర్‌కు, వెనక చక్రాల మీద ఉండకూడని ఇనుప పట్టీలు రెండు కనిపించాయి.

ఆయన పాకుతూ బయటికొచ్చాడు. షెడ్డులో ఇద్దరే నిలబడి ఉన్నారు. ఒకరు డ్రైవర్ భార్య. రెండోవాడు ఆమె తమ్ముడు, మెకానిక్. అక్కకు తోడుగా వచ్చాడు.

డ్రైవర్ ఆస్పత్రిలో ఉన్నాడు. పక్క సీట్లో కూర్చున్న హమాలీ ప్రాణం పోయింది. దిగుడు రోడ్డులో బ్రేకులు పట్టలేదు. చెల్లాచెదురైన క్వారీ రాళ్లు పోగేసి తూకం వేస్తే, ఆ బండి మోయగలిగినదానికి చాలా మించి ఉన్నాయి. తెలిసి తెలిసి ఎక్కించాడని తేలితే డ్రైవర్‌కు జైలే. ఆయన మాత్రం మంచం మీద నుంచి ఒకటే మాట అంటున్నాడు: "బండి కుంగలేదు."

"క్వారీలో కాటా లేదు కదమ్మా. లోడు ఎంతయిందో మీ ఆయనకెలా తెలుస్తుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చక్రానికీ తొట్టికీ మధ్య జానెడు సందు ఉండాలండీ. చెయ్యి పెట్టి చూస్తాడు. అది తగ్గిందో, ఎవరెంత మొత్తుకున్నా ఇంకో రాయి ఎక్కనివ్వడు. జానెడు దొరగారని ఎగతాళి చేసేవాళ్లు."

"బండి కిందెప్పుడైనా చూశాడా?"

"ఆ పొట్టేసుకుని దూరితే బయటికి లాగడానికి క్రేను కావాలి." ఆమెకు నవ్వు రాబోయి మధ్యలోనే ఆగిపోయింది.

ఆయన నవ్వలేదు. "బరువుకు కుంగేది చక్రాల మీదున్న ఈ కమాను కట్టేనమ్మా. దానికెవరో రెండు పట్టీలు అదనంగా బిగించారు. ఎంత ఎక్కించినా సందు తగ్గదు. బ్రేకులు మాత్రం పాతవే, వాటి బలం పెరగలేదు. ఎవరు బిగించారు?"

"ఎవరో ఎందుకు బిగిస్తారండీ? కొన్నప్పటి నుంచీ ఈ బండి మీద మా తమ్ముడి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి..."

ఆమె మెల్లగా తల తిప్పింది. తమ్ముడు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ చేతులకు మురికేమీ లేదు.

"ఏరా?"

వాడు తల దించుకుని చేతులు తుడుస్తూనే ఉన్నాడు.

"పొద్దున మీ బావ, 'నా చెయ్యే నన్ను మోసం చేసిందేమోనే' అని ఏడుస్తుంటే పక్కనే ఉన్నావు కదరా! మంచినీళ్లు కూడా నువ్వే తాగించావు కదరా!"

గుడ్డ కింద పడింది.

"నేనే అక్కా. దారిలో కమాను విరిగిందంటే చాలు, బావ నుంచి ఫోను. ఎండనకా వాననకా జాకీ మోసుకుని పరిగెత్తాలి. విసుగొచ్చేసింది. ఇక విరక్కూడదని రెండు పట్టీలు ఎక్కించేశా. చెబితే విప్పించేస్తాడని చెప్పలేదు. ఆయన సందు చూసుకునే లోడు ఆపుతాడని నాకు తెలియదా? తెలుసు. బిగించేటప్పుడు తట్టలేదు. ఫోనులో ప్రమాదం అనగానే తట్టింది. అప్పటి నుంచీ నోరు రాలేదక్కా. రాసుకోండి సార్. బావ చూసుకునే ఎక్కించాడు. ఆ సందు తగ్గకుండా చేసింది నేను."