సమంగా కాలిన రొట్టె

మా వైపు రొట్టె అంటే జ్వరం అనే లెక్క. ఏలూరు బజారు నుంచి ఎవరైనా కాగితం పొట్లంలో బ్రెడ్డు రొట్టె తెస్తుంటే, ఎవరికండీ ఒంట్లో బాగాలేదని దారి పొడుగునా అడిగేవారు. పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగులో మా పెదపాడులో అందరూ నన్నే అడిగారు. నా భార్య గంగాభవానికి టైఫాయిడ్ వచ్చింది.

ఇరవై రెండు రోజులకు జ్వరం దిగింది. ఏలూరు నుంచి వచ్చిన డాక్టరు పాండురంగారావుగారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, పేగులు ఇంకా పచ్చిపుండుగా ఉన్నాయనీ, పది రోజుల పాటు అన్నం మెతుకు లోపలికి పోతే ప్రాణానికే ముప్పనీ చెప్పారు. పాలు, టోస్టు, అంతే. ఆ టోస్టు కూడా రెండు వైపులా ఒకే రంగులో, లోపల చెమ్మ లేకుండా కాలాలి. మాడితే చేదుకి తినదు, పచ్చిగా ఉంటే అరగదు. తమ ఇంట్లోని టోస్టరు కూడా ఇచ్చి పంపారు. టోస్టరంటే పొడుగు పిడి ఉన్న ఇనప తీగల చట్రం. మధ్యలో రొట్టె ముక్క బిగించి కుంపటి మీద పట్టుకోవాలి.

బజారు రొట్టె వంటింటి గడప దాటడానికి మా అమ్మ వెంకటనరసమ్మ ఒప్పుకోలేదు. అందుకని పెరటి వసారాలో కుంపటి పెట్టుకుని నేనే కూర్చున్నాను. పొయ్యి ముఖం ఎరగని వెంకట్రాజుగారు విసనకర్ర పట్టారని పాలేళ్లు నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. పదకొండేళ్లుగా గంగ నాకు వండి పెట్టినదాని ముందు ఇదెంత?

కానీ రొట్టె నాకు లొంగలేదు. ఒక మూల నల్లగా, నడుమ తెల్లగా, మచ్చలు మచ్చలుగా వచ్చేది. మాడినచోట కూడా లోపల మెత్తగా, బంకగా ఉండేది. బొగ్గులు మార్చాను. రొట్టె చేసినవాణ్ని తిట్టాను, చట్రం తీగలు వంకరన్నాను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నాకోసమే పుట్టినట్టుంది. గంగ ఒక కొస కొరికి, నా ముఖం చూసి, బాగానే ఉందండీ అని, మిగతాది దిండు కింద దాచేది. ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

ఏలూరు మిషన్ బంగళాలో పాతికేళ్లు వంట చేసిన సలోమి మా ఊరి పేటలోనే ఉందని పాలేరు అప్పన్న చెప్పాడు. కబురు పెడితే వచ్చింది. వచ్చిందంటే పశువుల కొట్టం దాకానే. ఆ రోజుల్లో ఆమెను అంతకన్నా లోపలికి రానిచ్చే ఇల్లు కాదు మాది. అక్కడ నిలబడే చెప్పేది. ముక్కలన్నీ ఒకే మందంగా కొయ్యాలి, నిప్పుల మీద బూడిద పట్టాలి, మంట లేవకూడదు, జానెడు ఎత్తున పట్టి తిప్పుతూ ఉండాలి. నాలుగు రోజులు చెప్పింది చెప్పినట్టు చేశాను. మచ్చలు పోలేదు. ఆ ముక్కను ఒక్కసారి చేత్తో పట్టుకుని ఉంటే సంగతేమిటో ఆమెకు అప్పుడే తెలిసేది. మేము పట్టుకోనివ్వలేదు.

తొమ్మిదో రోజు వాన పట్టుకుంది. రొట్టె కోసం ఏలూరు వెళ్లిన అప్పన్న మధ్యాహ్నమైనా తిరిగి రాలేదు. పొద్దున మిగిలిన ఒక్క ముక్కా మాడ్చేశాను. అమ్మ పక్కింటికి వెళ్లింది. గంగ గోడ వైపు తిరిగి ఏడుస్తోంది.

"ఒక్క ముద్దండీ," అంది. "మజ్జిగన్నం. ఇంకేమీ అడగను."

పదకొండేళ్లలో ఆమె నన్ను ఏదీ అడగలేదు. పది రోజులకి ఒక్క రోజేగా తక్కువ అనుకున్నాను. దొంగలా వంటింట్లోకి వెళ్లి, అన్నం మెత్తగా పిసికి మజ్జిగ పోసి, నా చేత్తోనే తినిపించాను. ఒక ముద్ద కాదు, నాలుగు. తరవాత గిన్నె కడిగి, ఉన్నచోటే బోర్లించాను.

సాయంత్రం నాలుగింటికి అప్పన్న రెండు రొట్టెలతో వచ్చాడు. సలోమి అప్పటికే కొట్టం దగ్గర నిలబడి ఉంది. రోజూ ఆమె వచ్చేసరికి రొట్టె పళ్లెంలో సిద్ధంగా ఉండేది. ఆ రోజు ఆమె ఎదుటే అమ్మ ఒక రొట్టె ముక్కలు కోయించి, పళ్లెంలో పరిచి, చెంబులోంచి పసుపునీళ్లు మూడుసార్లు చల్లి, పైన తడిగుడ్డ కప్పింది. బయటి తిండి ఏది వచ్చినా మా ఇంట్లో ముందు శుద్ధి జరగాల్సిందే. తొమ్మిది రోజులూ అమ్మ నా కళ్ల ముందే చల్లింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నది కనక అదొక పనిగానే నాకు కనిపించలేదు.

"అమ్మగారండీ, నీళ్లు పడ్డ రొట్టె ఇంకెలా కాలుద్దండీ?" అంది సలోమి.

నాకు ఒళ్లు మండిపోయింది. తొమ్మిది రోజుల కోపం అమ్మ మీద చూపించాను. రెండో రొట్టె లాక్కుని చెంబు అవతల పెట్టమన్నాను. జబ్బుమనిషి నోట్లోకి పోయేది బాబూ, దోషం బాబూ అని అమ్మ గొణిగింది గాని పెట్టేసింది.

అందులోంచి కోసిన ముక్క సమంగా కాలింది. ఈ చివర నుంచి ఆ చివరకి కొత్త బెల్లం రంగు. విరిస్తే పటుక్కుమంది. గంగ ముక్కంతా తిని, అరచేతిలో రాలిన పొడి కూడా నాకింది. ఈ మాత్రానికి ఇన్నాళ్లు పట్టిందాండీ మీకు అని ఆటపట్టించింది. నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది.

తెల్లవారుతూనే కడుపునొప్పి మొదలైంది. డాక్టరుగారు వచ్చేసరికి పొట్ట చెక్కలా బిగిసిపోయింది. నిన్న ఏం తిన్నారని అడిగారు. అమ్మ తలవైపు నిలబడి ఉంది. గంగ నావైపే చూస్తోంది.

"టోస్టండి," అన్నాను.

ఇంకేమీ లేదా అని ఆయన మళ్లీ అడిగారు. లేదండి అన్నాను. గంగ నన్ను కాదనలేదు. కళ్లు మూసుకుంది. మధ్యాహ్నానికి పోయింది. నిజం చెప్పినా బతికేది కాదేమో. ఆ మాట నాకు ఏనాడూ ఊరట ఇవ్వలేదు.

మైల రోజుల్లో పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ అమ్మ ఒకటే చెప్పింది. శుద్ధి లేని రొట్టె కోడల్ని మింగిందట, చెంబు పక్కన పెట్టిన తన చేతులు పడిపోవాలట. అలా తనను తిట్టుకుని ఏడ్చి, ఆ తరవాత సలోమిని తిట్టేది. ఊరు ఆ రెండోదే పట్టుకుంది. అప్పటిదాకా పురుళ్లకీ జబ్బులకీ సలోమిని సాయం పిలిచేవాళ్లంతా పిలవడం మానేశారు. నేను వింటూ కూర్చున్నాను. భార్య పోయినవాణ్ని కనక నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు సలోమి వచ్చింది. ఈసారి కొట్టం దాకా కూడా రాలేదు. దడి అవతలే నిలబడి అడిగింది.

"రాజుగారండీ, రొట్టె లోపల పచ్చిగా ఉండిపోయిందాండీ? అంత దూరం నుంచి నాకు సరిగ్గా కనపళ్లేదు. మీరే చెప్పండి."

ఆ ముక్క నా చేతుల్లోనే విరిగింది. అది ఎంత బాగా కాలిందో నాకు తెలుసు.

"ఉండొచ్చు సలోమీ," అన్నాను.

 ఆమె నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.